వేడి విత్తనంపై డబ్బా మూత బిగించవద్దు

గాలి చొరబడని డబ్బాలోకి బయటి తేమ రాదు. లోపలి తేమ కూడా బయటికి పోదు, చాలామంది మరచిపోయేది ఇదే. డబ్బా వేడెక్కితే గింజలోని నీరు ఆవిరై లోపల పీడనం పెరుగుతుంది. నీటి గరిష్ఠ ఆవిరి పీడనం 20 డిగ్రీల సెల్సియస్ వద్ద 17.5 మిల్లీమీటర్ల పాదరసం, 40 డిగ్రీల వద్ద 55, అంటే మూడింతలు. రాత్రి డబ్బా చల్లబడగానే అదనపు ఆవిరి మూత కింద, అంచుల వెంట నీటి బొట్లవుతుంది. అక్కడ గింజకు బూజు పట్టి మొలక శాతం పడిపోతుంది. అడుగున విత్తనం బాగుండి పైపొర మాత్రమే చెడితే ముందుగా దీన్నే అనుమానించండి.

ఎండబెట్టిన విత్తనాన్ని నీడలో చల్లార్చి, మంచు పడకముందే నింపాలి. వరి విత్తనంలో తేమ గోనె సంచికైతే 13 శాతం, మూత బిగించే డబ్బాకైతే 8 శాతం మించరాదు. వేరుశనగకు ఇవి 9, 5 శాతం. అంతగా ఎండకపోతే గోనె సంచే మేలు. డబ్బాలను రేకుల కప్పు కింద ఉంచవద్దు.

అనుమానముంటే గాజు సీసాలో సగానికి విత్తనం పోసి, మూత బిగించి కాసేపు ఎండలో పెట్టి నీడకు తెండి. లోపల చెమ్మ కనిపిస్తే మళ్లీ ఎండబెట్టాలి.