మన దారిలోని పాత చర్చీలు



మన సంఘం సంచికల్లో వేల్పుల గురించి, పడిగెల గురించి, కొత్తల పండుగ గురించి చదువుకుంటూనే ఉన్నాం. ఈసారి మన గూడేలకు దగ్గరలోనే ఉన్నా, చరిత్రగా మనం పెద్దగా పట్టించుకోని పాత చర్చీల గురించి చెప్పుకుందాం.

గోదావరి ఒడ్డున దుమ్ముగూడెం మనందరికీ తెలుసు. 1860 ప్రాంతంలో ఇంగ్లీషు ప్రభుత్వం అక్కడ ఆనకట్ట పనులు నడిపింది. పత్తి పడవలు రాళ్లను దాటి పై నుంచి సముద్రం దాకా దిగాలన్నది వారి ఆలోచన. ఆ పనులు చూసిన ఇంజనీరు కెప్టెన్ హేగ్. చుట్టూ ఉన్న కోయ గూడేలను చూసి, చర్చి మిషనరీ సొసైటీని ఇక్కడికి రప్పించడంలో ఆయనే ముందు నిలిచారు. 1871లో ప్రభుత్వం పడవల పథకాన్ని ఆపేసింది. పథకం పోయింది కానీ ప్రార్థన, బడి మిగిలాయి. హేగ్ కోయభాష నేర్చుకుని లూకా సువార్తను అందులోకి అనువదించారు. తర్వాత వచ్చిన జాన్ కెయిన్ భద్రాచలం, రేకపల్లి తాలూకాల కోయల గురించి ‘ఇండియన్ యాంటిక్వరీ’ పత్రికలో రాశారు.

వారు బయటివాళ్లు. మన వేల్పులను మనం చూసినట్టు చూడలేదు. అందుకే ఆ రాతలను జాగ్రత్తగా చదవాలి. అయినా మన తాత ముత్తాతల మాట కాగితం మీదికి ఎక్కిన తొలి చోట్లలో అదొకటి. దాన్ని వదులుకుంటే నష్టం మనకే.

దోర్నకల్ సంగతి వేరు. తిరునెల్వేలి వైపు నుంచి వచ్చిన వి.ఎస్. అజరయ్య 1909లో అక్కడ పని మొదలుపెట్టారు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన తొలి భారతీయుడు ఆయనే. 1939లో ప్రతిష్ఠ జరిగిన అక్కడి పెద్ద చర్చికి గుడిలో ఉండే స్తంభాలు, మసీదుకు ఉండే గుమ్మటాలు ఉన్నాయి. ఈ నేల మీది కట్టడంలాగే ఉండాలని ఆయన పట్టుబట్టి కట్టించారు.

ఒకసారి మా హాస్టల్ పిల్లలను, తల్లిదండ్రులను అడిగి, అక్కడికి తీసుకెళ్లాం. ఒకే ఊరి పిల్లలు ఇద్దరున్నారు. ఒకరి ఇంట్లో ఆదివారం ప్రార్థన, ఇంకొకరి ఇంట్లో ఇలవేల్పు కొలుపు. పండుగ వచ్చిందంటే ఇద్దరికీ మాటలుండవు. గడప దగ్గర రెండో పిల్ల ఆగిపోయింది. “మేడం, మేం లోపలికి పోవచ్చా?” అంది. లోపల ఊడుస్తున్న పెద్దాయన విని, “చెప్పులు విడిచి రా బిడ్డా, ఎవరైనా రావచ్చు” అన్నాడు. మొదటి పిల్ల వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. మేమేమీ చెప్పలేదు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఇద్దరూ ఒకే సీట్లో కూర్చున్నారు.

ఎవరు ఏ దేవుణ్ణి కొలవాలో చెప్పడం మా పని కాదు. మేం అడిగేది చరిత్ర గురించి. డోలీలు పడిగె విప్పి మన వంశాల కథ చెబుతారు. పాత చర్చిలో అయితే బాప్తిస్మాల, పెళ్లిళ్ల, చావుల పుస్తకాలు ఉంటాయి. వాటిలో మన ఇంటిపేర్లు, గూడేల పేర్లు దొరకవచ్చు. పడిగె చెప్పే పెద్దలు తగ్గిపోతున్నారు. కాగితాన్ని చెద, వాన చెమ్మ తింటాయి. రెండూ మనవే, రెండింటికీ గడువు దగ్గరపడుతోంది.

కాబట్టి మీ దగ్గరి పాత చర్చికి ఒకసారి వెళ్లండి. ఆరాధన జరుగుతుంటే వెనక కూర్చోండి. ముగిశాక పాస్టరుగారిని కలిసి, పాత పుస్తకాలు చూపించమని మర్యాదగా అడగండి. అనుమతి లేకుండా ఫోటోలు తీయకండి. సమాధి రాళ్ల మీది పేర్లు, సంవత్సరాలు నోట్‌బుక్‌లో రాసుకోండి. ఇంటికొచ్చి ఆ పేర్లు అవ్వకు చదివి వినిపించండి. ఆమె ఏమంటుందో అదీ రాయండి. చర్చికి వెళ్లే ఇళ్ల పిల్లలు కూడా డోలీల దగ్గర కూర్చుని ఇలాగే రాసుకోవాలి.

దేవుడి దగ్గర దారులు వేరైనా, ఆ పుస్తకాల్లోనూ పడిగెల్లోనూ ఉన్నది మన తాతలే.