హెడ్‌ఫోన్‌లో 'కరెక్ట్ సౌండ్' అని ఎవరు డిసైడ్ చేశారు?

యాభై వేలు పెట్టి హెడ్‌ఫోన్ కొంటాం. రివ్యూలన్నీ సూపర్ అంటాయి. తీరా పెట్టుకుని వింటే ఏదో తేడా కొడుతుంది. 'నా చెవులకే తెలియట్లేదేమో' అని సర్దుకుపోయేవాళ్లు చాలామంది. అలా సర్దుకోవాల్సిన పనిలేదని ఈ వందేళ్ల కథ చెబుతుంది.

1910లో అమెరికాలోని యూటాలో నథానియెల్ బాల్డ్విన్ అనే ఆయన ఇంటి వంటగదిలో హెడ్‌ఫోన్లు తయారుచేసి నేవీకి అమ్మాడు. అప్పట్లో మంచి సౌండ్ అంటే వైర్‌లెస్‌లో వచ్చే సన్నటి సిగ్నల్ వినపడటమే. బేస్ గురించి ఎవరికి పట్టింది?

1937లో జర్మనీలో బేయర్ కంపెనీ డీటీ 48 తెచ్చింది. ఇందులో ఉన్నది డైనమిక్ డ్రైవర్, అంటే చెవి పక్కన పెట్టుకునే చిన్న స్పీకర్ అనుకోండి. ఈరోజు ఎక్కువ హెడ్‌ఫోన్లలో ఉండేది ఇదే. ఇక ఇంట్లో కూర్చుని స్టీరియోలో పాటలు వినడానికి హెడ్‌ఫోన్ అన్నది 1958లో మొదలైంది. మిల్వాకీకి చెందిన జాన్ కాస్ తీసుకొచ్చిన ఎస్‌పీ/3తో.

అసలు మలుపు 1968. సెన్‌హైజర్ హెచ్‌డీ 414 వచ్చింది. వెనకభాగం మూసెయ్యకుండా తెరిచి ఉంచారు. పక్కవాళ్లకి కూడా పాట వినిపిస్తుంది, కానీ వినేవాడికి సౌండ్ తలలో ఇరుక్కున్నట్టు కాకుండా విశాలంగా ఉంటుంది. ఇవి కోటి దాకా అమ్ముడుపోయాయి. క్లోజ్డ్‌లో బయటి గోల తగ్గుతుంది, ఓపెన్‌లో గాలి ఆడుతుంది. 'నీకేది ఇష్టం?' అనే ప్రశ్న అక్కడి నుంచే గట్టిగా మొదలైంది.

కానీ ఇంజినీర్లకి ఒకటే కరెక్ట్ ఆన్సర్ కావాలి కదా! నేనూ ఆ బ్యాచే, ఆ బాధ నాకు తెలుసు. 1980ల్లో డిఫ్యూజ్ ఫీల్డ్ అనే లెక్కకి బలం వచ్చింది. అన్ని దిక్కుల నుంచీ సమానంగా శబ్దం వచ్చే గదిలో చెవి దగ్గర ఏం కొలుస్తామో, హెడ్‌ఫోన్ కూడా అదే ఇవ్వాలని దీని అర్థం. లెక్క బాగుంది. మరి వినేవాళ్లు?

2012 ప్రాంతం నుంచి హార్మన్ కంపెనీలో షాన్ ఆలివ్ టీమ్ ఆ పని చేసింది. ఏ హెడ్‌ఫోన్ సౌండో చెప్పకుండా జనానికి వినిపించి మార్కులు వేయమన్నారు. డిఫ్యూజ్ ఫీల్డ్ సౌండ్ చాలామందికి పలచగా అనిపించింది. మంచి గదిలో మంచి స్పీకర్లు విన్నట్టుండే సౌండ్, అంటే కాస్త బేస్ ఎక్కువగా ఉన్నది, నచ్చింది. అదే హార్మన్ కర్వ్. అయితే అది కూడా అందరికీ కాదు. వాళ్ల లెక్కలోనే సుమారు 64 శాతం మందికి ఆ కర్వ్ నచ్చింది, 15 శాతానికి ఇంకా బేస్ కావాలి, 21 శాతానికి అంత బేస్ వద్దు. అంటే ప్రతి ముగ్గురిలో ఒకరికి ఆ 'కరెక్ట్ సౌండ్' సరిపోదు!

మరి ధర? 2017లో 283 హెడ్‌ఫోన్లు కొలిచిన ఒక స్టడీలో ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్‌కీ రేటుకీ సంబంధమే కనిపించలేదు. ఎక్కువ డబ్బుకి మంచి మెటీరియల్, కంఫర్ట్ రావచ్చు. మీ టేస్ట్‌కి తగ్గ సౌండ్ మాత్రం గ్యారంటీ లేదు.

కాబట్టి కొనేముందు ఓ వారం ఇలా చేయండి. ఇప్పుడున్న హెడ్‌ఫోన్‌తోనే ఫోన్‌లో ఈక్వలైజర్ తెరిచి, బాగా తెలిసిన నాలుగు పాటలు పెట్టండి. ఒకదాంట్లో మృదంగమో తబలానో, ఒకదాంట్లో ఆడగొంతు, ఒకదాంట్లో గట్టి బీట్ ఉండాలి. బేస్, ట్రెబుల్ జరుపుతూ మీ చేయి ఎక్కడ ఆగుతుందో చూడండి. వాల్యూమ్ మాత్రం మార్చొద్దు, సౌండ్ పెరిగితే ఏదైనా బాగున్నట్టే ఉంటుంది. చేయి ఆగిన చోటే మీ టేస్ట్. ఇంట్లో టీవీ మోగుతుంటే క్లోజ్డ్, మీకో ప్రశాంతమైన గది ఉంటే ఓపెన్. ఆ తర్వాతే రివ్యూలు చూడండి. అప్పుడు 'బేస్ తక్కువ' అని రివ్యూయర్ తిట్టిన మోడలే మీకు సరైనది కావచ్చు.

డబ్బు మీది, చెవులు మీవి.