ఎర్త్ వోల్టేజీ (సౌర విద్యుత్ వ్యవస్థలు)

సౌర విద్యుత్ వలయంలోని ఒక తీగకూ భూమికీ మధ్య ఉండే పొటెన్షియల్ భేదమే ఎర్త్ వోల్టేజీ. అమెరికా జాతీయ విద్యుత్ నియమావళి ప్రకారం, ఎర్త్ చేసిన వలయంలో, ఎర్త్‌కు కలిపిన బిందువు నుంచి తీగకున్న వోల్టేజీని తీసుకుంటారు. ఎర్త్ చేయని వలయంలో ఆ తీగకూ మరే ఇతర తీగకూ మధ్య రాగల గరిష్ఠ వోల్టేజీని లెక్కలోకి తీసుకుంటారు.

రెండో లెక్క అతిజాగ్రత్తలా కనిపించినా కారణం గట్టిదే. ట్రాన్స్‌ఫార్మర్ లేని ఇన్వర్టర్‌కు కలిపిన 800 వోల్టుల ప్యానెళ్ల వరుసలో ధన తీగ భూమితో పోలిస్తే సుమారు +400, రుణ తీగ −400 వద్ద ఉంటాయి. రుణ తీగ ఇన్సులేషన్ చిట్లి లోహపు చట్రానికి తగిలితే ధన తీగ 800 వోల్టులకు చేరుతుంది.

ఈ గరిష్ఠ వోల్టేజీ చలికి పెరుగుతుంది. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద 49.5 వోల్టుల ఓపెన్ సర్క్యూట్ వోల్టేజీ గల 20 ప్యానెళ్ల వరుస 990 వోల్టులు ఇస్తుంది. ఉష్ణ గుణకం డిగ్రీకి −0.27 శాతమైతే 5 డిగ్రీల వద్ద అదే సుమారు 1,043. అంటే 1,000 వోల్టుల పరికరాలు చాలవు.

ఇన్సులేషన్ లోపం ఎక్కడుందో కూడా ఎర్త్ వోల్టేజీ కొలతే చెబుతుంది. ఇన్వర్టర్ నుంచి విడదీసిన 20 ప్యానెళ్ల, 800 వోల్టుల వరుసలో ధన తీగ నుంచి భూమికి 240, రుణ తీగ నుంచి 560 వోల్టులు నిలకడగా చూపితే, ప్యానెల్‌కు 40 వోల్టుల చొప్పున లోపం ధన కొస నుంచి 6, 7 ప్యానెళ్ల మధ్య ఉన్నట్టు.