ఒక రాత్రి, అరవై ఏళ్లు

నవంబరు 21 ఉమ్రావ్ సింగ్ వర్ధంతి. 2005లో ఆ రోజున ఢిల్లీ సైనిక ఆసుపత్రిలో ఆయన కన్నుమూశారు. గూర్ఖాలను పక్కన పెడితే, మన దేశంలో అప్పటికి బతికున్న, విక్టోరియా క్రాస్ అనే బ్రిటిష్ శౌర్య పతకం గ్రహీత ఆయనొక్కరే. హర్యానాలో పల్రా అనే పల్లె ఆయనది. సొంతూరి మట్టిలో సేద్యం చేసుకుని బతికిన మనిషి.

తెల్లవాడి జీతం తిని తెల్లవాడి కోసం పోరాడటం మనవాళ్లకు కంపెనీ రోజుల నుంచీ అలవాటే. ఓడెక్కమంటే 1780లో విశాఖపట్నం సిపాయిలు తిరగబడ్డారు. ఎక్కువ కాలం మాత్రం ఎక్కమన్న ఓడ ఎక్కారు, దిగమన్న రేవులో దిగారు. విక్టోరియా క్రాస్ పుట్టింది 1856లో. దానికి భారతీయుడు కూడా అర్హుడేనని రాజుగారికి తోచడానికి 1911 దాకా పట్టింది. తర్వాత మూడేళ్లకే, బెల్జియంలో ఖుదాదాద్ ఖాన్ దాన్ని గెలుచుకున్నాడు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసేనాటికి మన సైన్యం పాతిక లక్షలకు చేరింది.

ఇక బర్మా. మన ఉత్తరాంధ్ర, గోదావరి పల్లెల్లో 'రంగం వెళ్లొచ్చిన', అంటే రంగూన్ వెళ్లొచ్చిన తాత లేని వీధి ఉండేది కాదు. 1942లో జపాను వాళ్లు వచ్చిపడ్డాక ఆ తాతలే పిల్లల్ని భుజాన వేసుకుని అరకాన్ అడవుల గుండా నడిచి ఇళ్లకు చేరారు. చేరలేనివాళ్లు దారిలోనే రాలిపోయారు. హవల్దార్ ఉమ్రావ్ సింగ్ ఫిరంగి రెండేళ్ల తర్వాత నిలిచింది ఆ అరకాన్‌లోనే, కలాడన్ లోయలో.

1944 డిసెంబరు 15 రాత్రి. అందరికంటే ముందున్న ఫిరంగి ఆయన దళానిది. అండగా నిలవాల్సింది గోల్డ్‌కోస్ట్ సైనికులకు, అంటే నేటి ఘనా వాళ్లకు. హర్యానా రైతుబిడ్డ, ఆఫ్రికా రైతుబిడ్డ, ఎదురుగా జపాను రైతుబిడ్డ! ముందు గంటన్నర పాటు గుళ్ల వాన. ఆ వెంటనే కనీసం రెండు కంపెనీల పదాతిదళం మీద పడింది. ఉమ్రావ్ సింగ్ బ్రెన్‌గన్ అందుకున్నాడు. రెండు గ్రెనేడ్లు ఒళ్లు చీల్చినా వెనక్కి తగ్గలేదు. మళ్లీ దాడి జరిగింది. దాన్నీ తిప్పికొట్టేసరికి దళంలో ప్రాణాలతో మిగిలింది ఆయనా, మరో ఇద్దరూ. ఇంకో దాడి మొదలవుతూండగానే తూటాలు అయిపోయాయి.

అప్పుడాయన ఫిరంగి పనికి వాడే బరువైన ఇనప కడ్డీ తీసుకున్నాడు. గడ్డపలుగు లాంటిది. దాంతోనే మీదికొచ్చినవాళ్ల మధ్యకు దూకాడు. ముగ్గురిని పడగొట్టడం కనిపించింది. ఆ తర్వాత దెబ్బల వానలో తనూ పడిపోయాడు.

ఆరు గంటల తర్వాత మనవాళ్లు ఎదురుదాడి చేసి ఆ చోటు తిరిగి పట్టుకున్నారు. ఫిరంగి పక్కన స్పృహ లేకుండా ఉన్నాడు. తలకు తగిలిన దెబ్బకు పోల్చుకోవడమే కష్టమైంది. కడ్డీ మాత్రం చేతిలోనే ఉంది. చుట్టూ పది జపాను శవాలు. ఆ ఫిరంగి అదే రోజు మళ్లీ పేలింది!

1945 అక్టోబరులో బకింగ్‌హామ్ ప్యాలెస్‌లో ఆరో జార్జి స్వయంగా పతకం తొడిగాడు. అక్కడిదాకా కథ చెప్పడం సులువే. తర్వాత రెండేళ్లకు దేశం స్వతంత్రమైంది. రాజు కోసం నెత్తురోడ్చినవాడిని కొత్త కథలో ఎక్కడ కూర్చోబెట్టాలో మనకు తెలియలేదు. ఆయన స్వతంత్ర భారత సైన్యంలోనూ పనిచేశాడు. సుబేదార్ మేజరై, గౌరవ కెప్టెన్ హోదాతో ఇంటికొచ్చి రెండెకరాల సొంత పొలం చేసుకున్నాడు. పిల్లల్ని పెంచాడు.

పతకం కొంటామని బేరగాళ్లు వచ్చారు. మంచి ధరే చెప్పారు. డబ్బు అక్కర్లేని ఇల్లేం కాదు. అయినా యుద్ధంలో పడిపోయినవాళ్ల గౌరవానికి మచ్చ అని అమ్మలేదు. అంతటి మనిషికి ఆ పతకం మీద బ్రిటన్ ఇస్తున్న భత్యం ఏడాదికి 168 పౌండ్లు. 1995లో, యుద్ధం ముగిసి యాభై ఏళ్లయిన వేడుకలకు లండన్ వెళ్లినప్పుడు ఈ సంగతి ప్రధాని జాన్ మేజర్ ముందే పెట్టాడు. ఆ తర్వాత గానీ అది 1,300 పౌండ్లు కాలేదు.