అరబొట్టు చరిత్ర

మానేటినీట వరి పండించు గంభీరావుపేట వంటి ఊళ్లలో పిల్లి కేవలము ముద్దునకై పెంచుకొను ప్రాణి గాక, ఎలుకల బారినుండి గాదెలోని గింజను కాచు కావలిగా బ్రతికినది. అట్టి పిల్లి ముసలితనమున నీటితొట్టికడనుండి కదలక, తినుచున్నను చిక్కిపోవుచు, వెనుకకాళ్ల మడమలను నేల కానించి నడచునప్పుడు ‘వయసు మీదబడినది’ అని మనవా రూరకుందురు. అది మధుమేహము కావచ్చును. మూత్రమునకు చీమలు పట్టుట గమనించిన ఆయుర్వేదాచార్యుల దేశమున, పిల్లికిని ఈ వ్యాధి కలదని, దానికి ఇంటనే చేయదగిన చికిత్స కలదని మనకు చెప్పినవారు మిక్కిలి తక్కువ.

ఆ చికిత్స పుట్టుకయే మూగజీవముల ఋణము. 1889లో స్ట్రాస్‌బర్గున మింకోవ్‌స్కీ, వాన్ మేరింగులు కుక్క క్లోమమును తొలగింపగా దానికి మధుమేహము కలిగెను. 1921 వేసవిలో టొరంటో విశ్వవిద్యాలయమున బాంటింగ్, బెస్టులు కుక్కల క్లోమమునుండి తీసిన ద్రవముతో అట్టి కుక్కల రక్తమందలి చక్కెరను తగ్గించిరి. వారితో కూడిన కాలిప్ శుద్ధిచేసిన ఆ మందే ఇన్సులిన్; అది 1922 జనవరిలో లెనార్డ్ థాంప్సన్ అను 14 ఏండ్ల బాలుని ప్రాణము నిలిపెను. పిమ్మట పుట్టిన ప్రశ్న, ఎంత మందు అని. త్రాసున కందని యా ద్రవ్యమునకు కుందేలే కొలమాన మయ్యెను: 24 గంటలు పస్తుంచిన రెండుకిలోల కుందేటికి మూర్ఛ వచ్చునంతగా రక్తములోని చక్కెరను దించు పరిమాణమును మొదట యూనిట్ అనిరి, అది రోగులకు మిక్కిలి పెద్దదగుటచే దానిలో మూడవవంతును తరువాత యూనిట్‌గా స్థిరపఱచిరి. నేడు సిరంజిమీద మనము చూచు ప్రతి గీత వెనుకను ఆ కుందేళ్లున్నవి.

దశాబ్దములపాటు ఇన్సులిన్ కబేళాలలోని పశువుల, పందుల క్లోమములనుండియే వచ్చెను. అందలి 51 అమైనో ఆమ్లములలో ఆవుదానికిని పిల్లిదానికిని భేద మొక్కటియే; మనుష్యునిదానితో నాలుగు. 1982లో సూక్ష్మజీవులచే చేయించిన మానవ ఇన్సులిన్ అంగడికి వచ్చినపిదప పశువుల ఇన్సులిన్ క్రమముగా మరుగుపడినను, మానవ ఇన్సులినును, గ్లార్జిన్ వంటి దాని మార్పురూపములును పిల్లికి పనిచేయుచునే యున్నవి.

ఇక, నా మనసులో మెదలు అసలుమాట మోతాదును గూర్చినది. 1970వ దశకము మొదలుకొని పాశ్చాత్యదేశములు మిల్లీలీటరునకు 100 యూనిట్ల మందునకు మారగా, మన మందుల దుకాణములలో 40 యూనిట్ల సీసాయు నిలిచియున్నది. పిల్లికి సాధారణముగా మొదలిడు మోతాదు 12 గంటల కొక యూనిట్. 40 సీసాలో అది మిల్లీలీటరున నలువదవవంతు, అనగా నీటిబొట్టులో సగము. ఎఱ్ఱమూత సిరంజి 40 మందునకు, నారింజమూతది 100 మందునకు. ఈ రెండును తారుమారై 100 మందును ఎఱ్ఱమూత సిరంజితో లాగినచో, గీత ఒక్కటియే యైనను లోనికి పోవునది రెండున్నర రెట్లు. నలువదవ నంబరు నూలునకును నూఱవ నంబరు నూలునకును గల భేదమును వ్రేళ్లతోనే చెప్పు సిరిసిల్ల నేతగాండ్రకు ఈ రెండంకెల మాట కష్టమైనది కాదు.

పిల్లి తిన్నపిదపనే, మెడవెనుక వదులుగానున్న చర్మము నెత్తి ఆ మడతలో సూది వేయవలెను. తిననినాడు వైద్యు నడుగక వేయరాదు. తూలినను, వణకినను చిగుళ్లకు తేనె రాచి వెంటనే వైద్యునికడకు పరుగెత్తవలెను. ఆదిలోనే చికిత్స మొదలై, వైద్యుని సలహాతో పాలన్నము మాని మాంసాహారము పెట్టినచో, కొన్ని పిల్లులకు కొన్నాళ్లకు సూది యక్కఱయే తొలగును.

పి.వి. నరసింహారావు పేర వెలసిన పశువైద్య విశ్వవిద్యాలయపు కళాశాల కోరుట్లలోనే యున్నది. తొట్టికడ మాటిమాటికి కనబడు పిల్లిని బుట్టలో నుంచి వైద్యునికి చూపుడు. మందు కొనునాడు సీసామీది అంకెను, సిరంజిమీది అంకెను రెండుమార్లు చదివి చూచుకొనుడు.