బ్యాటరీకి పడిన పగ్గాలు

తొలినాటి రేసు కార్లలో చాలావాటికి బ్యాటరీతో పనిలేదు. హ్యాండిల్ తిప్పి ఇంజిన్ స్టార్ట్ చేసేవారు, నిప్పురవ్వ సంగతి మాగ్నెటో చూసుకునేది. సీసం-ఆమ్లం బ్యాటరీని గాస్టన్ ప్లాంటే 1859లోనే తయారుచేసినా, పెట్రోలు కారులో అది తప్పనిసరి కావడానికి దారి వేసింది 1912లో కాడిలాక్ తెచ్చిన సెల్ఫ్ స్టార్టరే. బిగింపు మాత్రం దశాబ్దాలపాటు పెద్దగా మారలేదు: కింద ఇనుప ట్రే, పైన అడ్డపట్టీ, రెండు పొడుగు బోల్టులు. రోడ్డు గతుకులకు అది చాలు.

ట్రాక్ లెక్క వేరు. 15 కిలోల బ్యాటరీని మలుపులో 1.2 జీ, అంటే దాని బరువుకు 1.2 రెట్ల బలం, పక్కకు లాగితే 18 కిలోల ఒత్తిడే. మామూలు పట్టీ ఆపగలదు. అదే కారు గోడను గుద్ది 25 జీ పడితే 375 కిలోలు. ఊడిన బ్యాటరీ పగిలితే ఆమ్లం చిమ్ముతుంది. పాజిటివ్ టెర్మినల్ రేకుకు తగిలిందా, వందల ఆంపియర్ల కరెంటు, పక్కనే పెట్రోలు.

1959 నాటి మినీ కారులో బ్యాటరీ బూట్‌లో ఉండేది. ముందు బరువు తగ్గించుకోవాలనుకున్న రేసర్లు తమ కార్లలోనూ దాన్ని వెనక్కి జరిపారు. చిక్కంతా ఇక్కడే. కంపెనీ పెట్టిన చోట దానికి తగ్గ ఆధారం ఉంటుంది. మనం జరిపిన చోట ఉండేది పలుచటి రేకు. స్కూటర్ వెనక గ్యాస్ బండ కట్టినట్టు రబ్బరు తాడుతో సరిపెట్టడం నా దృష్టిలో తెగింపు కాదు, బద్ధకం.

అంతర్జాతీయ మోటారు క్రీడల సమాఖ్య ఎఫ్‌ఐఏ నిబంధనల్లోని అనుబంధం జె ఈ బలహీనతను సూటిగా పట్టుకుంది. బ్యాటరీని అసలు చోటు నుంచి మారిస్తే లోహపు పీఠం, ఇన్సులేషన్ తొడిగిన రెండు లోహపు క్లాంపులు, కనీసం 10 మిల్లీమీటర్ల బోల్టులు ఉండాలంది. ఒక్కో బోల్టు కింద, రేకు అడుగున, 3 మిల్లీమీటర్ల మందం, 20 చదరపు సెంటీమీటర్ల వైశాల్యానికి తగ్గని పలక పెట్టాలంది. ఆ పలకే అసలు కీలకం: అది లేకపోతే బోల్టు తెగకుండానే రేకును చీల్చుకుని పైకి వచ్చేస్తుంది. క్యాబిన్‌లో ద్రవ బ్యాటరీ పెడితే కారని పెట్టె కూడా ఉండాలి.

ఆమ్లాన్ని గాజుపీచులో ఇంకించే ఏజీఎం రకం 1970ల నుంచి రూపుదిద్దుకుని, కారడమనే భయాన్ని బాగా తగ్గించింది. 2009 చివర్లో పోర్షే, 911 జీటీ3 వంటి కార్లకు 6 కిలోల లోపు లిథియం బ్యాటరీని ప్రకటించింది. మామూలుదానికన్నా అది 10 కిలోలకు పైగా తేలిక. బరువు తగ్గితే గుద్దినప్పటి లాగుడూ తగ్గుతుంది. షార్ట్ సర్క్యూట్ మాత్రం బరువు చూసి రాదు కనుక టెర్మినల్ మూత, ఎర్ర మెరుపు గుర్తున్న నీలి త్రికోణం పక్కన కటాఫ్ స్విచ్ ఇప్పటికీ ఉండాల్సిందే.