అంబారీ ఏనుగుకి రంగు వేద్దాం, రండి

ఖమ్మంలో మీరెక్కిన ప్యాసింజరు బోనకల్లు, మధిర దాటి, ఎర్రుపాలెం తర్వాత తెలంగాణ వదిలి ఆంధ్రలోకి వచ్చింది. థర్మల్ స్టేషన్ పొగగొట్టాలు కనబడుతున్నాయంటే దిగే చోటు దగ్గరపడ్డట్టే. ఇది కొండపల్లి. ఎదురుగా కొండ, దాని నెత్తిన కోట. రెడ్డిరాజుల నాటి ఆ కోటను గజపతులు ఏలారు, కృష్ణదేవరాయలు ముట్టడించి పట్టుకున్నాడు, ఆ తర్వాత అది గోల్కొండ సుల్తానుల వశమైంది. ఒకప్పుడు ఆ కొండ కింద యుద్ధపు ఏనుగులు నడిచాయి. ఇవాళ మీరు రంగు వేయబోయే ఏనుగు జానెడే.

బొమ్మల కాలనీకి దారి ఎవరినీ అడగక్కర్లేదు. సుత్తి టకటకలు, ఆకురాయి గరగరలు వినబడే వైపు నడవండి. ఇంటి ముందు వసారాలో ఒక పెద్దాయన గోనెపట్టా మీద కూర్చుని కర్ర చెక్కుతున్నాడు. లోపల కిటికీ పక్కన ఆయన కోడలు రంగు గిన్నెలు సర్దుకుంటోంది. చాలా ఇళ్లలో పని ఇలాగే పంచుకుంటారు. చెక్కడం మగవాళ్లది, రంగు ఆడవాళ్లది.

“కూర్చోండి బాబూ. బట్టలకి పొట్టు అంటుకుద్ది, ఏమనుకోమాకండి” అంటాడాయన.

మీ చూపు ముందు రంగుల గిన్నెల మీదికే పోతుంది. ఆయన మాత్రం మీ చేతిలో ఒక కర్రముక్క పెడతాడు. చూపుకి దిట్టంగా ఉంది, చేతికి బరువే తెలియడం లేదు. గోటితో నొక్కితే గంటు పడుతోంది. ఇది తెల్లపొనికి. ఇక్కడి కొండ అడవుల్లో పెరిగే ఈ చెట్టే కొండపల్లి బొమ్మకు ఆధారం. అటు నిర్మల్ బొమ్మలు చేసేదీ పొనికితోనే. భద్రాచలం వైపు అడవుల్లో నాయకపోడు గిరిజనులు లక్ష్మీదేవర ఆటలో పెట్టుకునే ముఖాలు కూడా తేలిక కర్ర చెక్కి రంగులద్దినవే. ముఖానికి తగిలించుకుని ఆడాలంటే కర్ర తేలికవ్వాల్సిందే మరి.

కర్ర కోయగానే ఉలి పట్టరు. కొన్నాళ్లు ఆరబెడతారు. ఆ తర్వాత సన్నని సెగ మీద తిప్పుతూ లోపలి తేమంతా లాగేస్తారు. వసారా మూలన పొట్టు కుంపటి మీద నాలుగు ముక్కలు వెచ్చబడుతున్నాయి, చూడండి. ఇక్కడ తొందరపడితే ఆ తప్పు ఇవాళ బయటపడదు. రంగులన్నీ పూర్తయి, బొమ్మ ఎవరి ఇంటికో చేరాక, లోపల మిగిలిన చెమ్మ ఆరుతూ కర్రను ముడుస్తుంది. అప్పుడు పై పొర పగులుతుంది. కొన్నవాళ్లు రంగు మంచిది కాదంటారు. అసలు దోషం సెగ దగ్గర జరిగింది.

బాడిసతో నాలుగు దెబ్బలు పడేసరికి ముక్కలో ఏనుగు వీపు తేలింది. తొండం వేరుగా, చెవులు వేరుగా, అంబారీ వేరుగా, మావటివాడు వేరుగా చెక్కుతున్నాడు. ఒకే దుంగలోంచి అన్నీ తీయబోతే సన్నని భాగాలు విరిగిపోతాయి, కర్రా వృథా అవుతుంది.

ఆయన చెక్కుతుండగా మీకో సందేహం రావచ్చు: ఇలాంటి చిన్న బొమ్మలనే సైన్యంగా నిలబెట్టి బల్ల మీద యుద్ధాలు ఆడేవాళ్లు ఎక్కడైనా ఉన్నారా? బల్ల మీద యుద్ధం మన దేశానికి కొత్త కాదు. ఏనుగులు, గుర్రాలు, రథాలు, కాలిబంట్లు కలిసిన చతురంగం ప్రస్తావన ఏడో శతాబ్దంలో బాణుడి హర్షచరితంలోనే ఉంది. 1824లో ప్రష్యా సైన్యం తన అధికారులకు వ్యూహాలు నేర్పడానికి పటం మీద దిమ్మలు జరిపే యుద్ధక్రీడను తీసుకుంది. 1913లో హెచ్.జి.వెల్స్ సీసపు సైనికులతో నేల మీద ఆడే యుద్ధానికి నియమాలు రాసి పుస్తకం వేశాడు. 1983లో ఇంగ్లండులో వార్‌హ్యామర్ అనే యుద్ధక్రీడ వచ్చింది. ఇవాళ ఈ ఆటగాళ్లు సుమారు 28 మిల్లీమీటర్ల ఎత్తుండే సైనికులను, అంటే అంగుళాన్ని కాస్త మించిన బొమ్మలను, రంగులేని ముక్కలుగా కొంటారు. అతికించుకుని, తామే రంగు వేసుకుని బల్ల మీదికి దించుతారు. మన దగ్గరా ఆ సరదా ఉన్నవాళ్లు తెప్పించుకుంటున్నారు. వాళ్లు చేసే పనికీ, ఈ వసారాలో జరిగే పనికీ వరస దాదాపు ఒకటే. అందుకే రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని ముందుకు పోదాం.

చెక్కడం అయింది. ఇప్పుడు ముక్కల్ని అతకాలి. ఒక గిన్నెలో గోధుమరంగు ముద్ద ఉంది. దాన్ని మక్కు అంటారు. చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపి చేసింది. తొండం మొదట్లో కొంచెం పెట్టి ఏనుగు ముఖానికి నొక్కుతాడు, చుట్టూ పొంగినదాన్ని వేలితో తీసేస్తాడు. చెవులు, అంబారీ కూడా అంతే. అతుకు దగ్గర మిగిలిన సందుల్లోనూ మక్కే నింపుతాడు. యుద్ధక్రీడ ఆడేవాళ్లు ఇదే పనికి గ్రీన్ స్టఫ్ అనే రెండు రంగుల ముద్దను కలిపి వాడతారు. ప్లాస్టిక్ సైనికుడి భుజం దగ్గర కనిపించే అచ్చు గీతను కూడా ఇప్పుడే గీకేయాలి. రంగు పడ్డాక ఆ గీత పోదు, ఇంకా కొట్టొచ్చినట్టు కనబడుతుంది.

మక్కు ఆరాక ఆకురాయి చేతికొస్తుంది. ఈసారి ఆయన మీకే ఇస్తాడు. ఏనుగు పొట్ట కింద గరుకుగా ఉంది, రాయండి. అటూ ఇటూ రుద్దొద్దు, ఒకే వైపుకి లాగాలి. కళ్లు మూసుకుని బొటనవేలితో తడిమి చూడండి. కంటికి నున్నగా కనబడ్డచోట వేలికి గట్టు తగులుతుంది.

ఇప్పుడు బొమ్మ కిటికీ పక్కకు పోతుంది. మీరూ జరగండి.

“ముందు సుద్ద” అంటుందామె. తెల్లటి పూత ఏనుగును కప్పేస్తుంది. కాసేపట్లో కర్ర రంగంతా మాయమై తెల్లని ఏనుగు మిగిలింది. కర్రలోని సన్నని రంధ్రాలను సుద్ద మూసేస్తుంది. లేకపోతే పై రంగును కర్ర పీల్చేసుకుంటుంది, రంగు మచ్చలు మచ్చలుగా ఆరుతుంది. రెండో లాభం వెలుగుకి సంబంధించింది. కింద తెలుపుంటే పైన వేసిన పలచని ఎరుపు ఎర్రగానే మెరుస్తుంది. గోధుమరంగు కర్ర మీద అదే ఎరుపు ఇటుకరంగులోకి దిగిపోతుంది.

బల్ల మీద సైనికులకు ఈ సుద్ద బదులు ప్రైమర్ కొడతారు. ప్లాస్టిక్, లోహం, రెజిన్ మీద మామూలు రంగు పట్టదు, గోరు తగిలితే లేచిపోతుంది. నల్ల ప్రైమర్ మీద వేస్తే సందుల్లో నీడ దానంతటదే మిగులుతుంది, తెల్లదాని మీద వేస్తే రంగులు పలుకుతాయి. ఎరుపు, పసుపు ఎక్కువగా ఉన్న దుస్తులకు తెలుపు మేలు. గోదావరి ఒడ్డున వానాకాలంలో ఈ పని చేసేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. గాలిలో చెమ్మ ఎక్కువున్న రోజు స్ప్రే డబ్బాతో కొడితే పూత ఇసక చల్లినట్టు గరుకుగా ఆరుతుంది. భద్రాచలంలో జులై నెలలో కుంచెతో పూసే ప్రైమరే నమ్మకం.

సుద్ద ఆరింది. ఆమె బూడిదరంగు కలుపుతోంది. గిన్నెలో రంగు పలచటి మజ్జిగలా ఉంది. చిక్కగా తీసుకుంటే ఒక్క పూతతో అయిపోతుంది కదా అనిపిస్తుంది మీకు. అలా వేస్తే చెవి మీద చెక్కిన ముడతలు పూడుకుపోతాయి, కుంచె గీతలు నిలిచిపోతాయి. మొదటి పూతలో కింది తెలుపు చారలుగా కనబడుతుంది, కంగారుపడకండి. అది ఆరాక రెండోది వేస్తే సరిపోతుంది. పరాయి దేశాల్లో సైనికులకు రంగేసేవాళ్లు కొత్తవాళ్లకు మొదట చెప్పేదీ ఇదే: రెండు పలచని పూతలు.

“తడి మీద మళ్లీ కుంచె పెట్టమాకండి. లేచొచ్చేస్తది” అంటుంది.

ఏ భాగం ముందు, ఏది తర్వాత అన్నదానికీ ఒక లెక్క ఉంది. ముందు ఏనుగు ఒళ్లు. తర్వాత వీపు మీద పరిచిన గుడ్డ. ఆ తర్వాత అంబారీ, చివరికి మావటివాడు. లోపలి నుంచి బయటికి వస్తున్నాం. ఒంటి రంగు గుడ్డ మీదికి కాస్త పాకినా ఫరవాలేదు, గుడ్డకు వేసే ఎరుపు దాన్ని కప్పేస్తుంది. బయటి నుంచి లోపలికి పోతే ప్రతి తప్పునూ దిద్దుకుంటూ కూర్చోవాలి. సైనికుడికైనా ఇంతే. ముందు చర్మం, తర్వాత చొక్కా, దాని మీద పటకా, చివరకు చేతిలో ఆయుధం.

ఇప్పుడు కుంచె మీ చేతిలో ఉంది. మేక వెంట్రుకలతో కట్టినది. అంబారీ గుడ్డకు పసుపు అంచు దిద్దాలి. చెయ్యి వణుకుతోందా? రెండు మణికట్లూ ఒకదానికొకటి ఆనించండి, చిటికెనవేలు బొమ్మ మీద మోపండి. ఇప్పుడు బొమ్మా చెయ్యీ కలిసే కదులుతాయి. ఊపిరి వదిలి, గీత మొదలుపెట్టండి. కుంచె సన్నగా ఉంటే గీత సన్నగా వస్తుందనుకుంటాం కానీ మరీ నాలుగు వెంట్రుకల కుంచెలో రంగు సగం గీతకే ఆరిపోతుంది. కావలసింది మొన. పొట్ట లావుగా ఉండి మొన వాడిగా ఉన్న కుంచె రంగును పట్టుకుని ఉంటుంది, గీతా తెగదు. ఖరీదైన కొలిన్‌స్కీ వెంట్రుకల కుంచెల కోసం యుద్ధక్రీడల వాళ్లు అంత ఖర్చు పెట్టేదీ ఈ మొన కోసమే.

ఇక్కడి నుంచి రెండు దారులూ విడిపోతాయి. బల్ల మీద సైనికుడికి అడుగు రంగు ఆరగానే ముదురు నీళ్లరంగు ఒళ్లంతా పారిస్తారు. అది మడతల్లోకి జారి నీడలా ఆరుతుంది. తర్వాత దాదాపు పొడిగా ఉన్న కుంచెతో ఎత్తైన చోట్ల లేతరంగును తాకీ తాకనట్టు రాస్తారు. ఇదంతా ఎందుకంటే అంగుళం బొమ్మ మీద పడే వెలుగు తగినంత నీడ పుట్టించలేదు. ముక్కు కింద నీడ కావాలంటే దాన్ని గీయాల్సిందే.

కొండపల్లి ఏనుగుకు ఆ నీడలు వేయరు. చదునైన నిండు రంగు, దాని పక్కన మరో నిండు రంగు, మధ్య నల్లని గీత. ఇది సంక్రాంతి బొమ్మల కొలువులో మెట్ల మీద కూర్చునే బొమ్మ. పేరంటానికి వచ్చినవాళ్లు నాలుగడుగుల దూరం నుంచి చూస్తారు. అంత దూరానికి సన్నని నీడలు అందవు, ఎరుపు పక్కన పసుపు అందుతుంది. చూసే దూరాన్ని బట్టి ఎవరి పద్ధతి వారికి సరిపోయింది.

సాయంత్రమవుతోంది. ఏనుగు ఒంటి మీద చుక్కలు, తొండం మీద ముగ్గు, అంబారీకి బంగారు రంగు అన్నీ వచ్చాయి. ఇంకా ఏదో వెలితి. కళ్లు లేవు. సైనికులకు రంగేసేవాళ్లు చాలామంది కళ్లు ముందే పెట్టేస్తారు, పక్కకు జారిన రంగును తర్వాత చర్మం రంగుతో దిద్దుకోవచ్చని. ఇక్కడ కన్ను చివర. గుళ్లో విగ్రహానికి ప్రతిష్ఠ వేళ కళ్లు తెరిపించే సంప్రదాయం ఉన్న దేశంలో బొమ్మకు కన్ను ఆఖరున పెట్టడం ఎవరికీ వింతగా తోచదు. ఆమె మీ చేతిలోంచి కుంచె తీసుకుంటుంది. ఈ పని కొత్తవాళ్లకు ఇవ్వరు. తెలుపు, దాని మీద నలుపు చుక్క. రెండో వైపు తిప్పి అదే ఎత్తులో మరొకటి. చుక్క నువ్వుగింజంత పక్కకు పోయినా ఏనుగు మెల్లకన్నుతో చూస్తుంది.

మొదటి నుంచి లెక్క వేసుకోండి. ఆరబెట్టడం, సెగ, చెక్కడం, మక్కు, ఆకురాయి, సుద్ద... రంగు గిన్నె మూత తీసేసరికే పనిలో ఎక్కువ భాగం అయిపోయింది. కొనేవాళ్లకు కనబడేది మాత్రం చివరి పొరే. సుద్ద ఎగ్గొట్టి, తడి కర్ర మీద చిక్కటి ఎనామిల్ ఒక్కసారి పూసేసిన బొమ్మ కూడా అంగట్లో ఇంతే మెరుస్తుంది, సగం ధరకు వస్తుంది. నికరమైన పనికి నష్టం వచ్చేది అక్కడే. కొండపల్లి బొమ్మకు భౌగోళిక గుర్తింపు ఉంది. అయినా పొనికి దొరకడం కష్టమవుతోందన్నది ఇక్కడి పనివాళ్ల దిగులు. కర్ర దొరక్కపోతే ఎంత కుంచె నేర్పున్నా చేసేదేమీ లేదు.

కాబట్టి ఈ దారిన వెళ్లేవాళ్లకు చిన్న మనవి. ఖమ్మం నుంచి విజయవాడకు పోతూ ఒక్కసారైనా కొండపల్లిలో ఆగే బండి చూసుకుని దిగండి. బొమ్మను చేతిలోకి తీసుకుంటే ముందు తిరగేసి చూడండి. అడుగున కర్ర ఎలా ఉంది, అతుకుల్లో సందులున్నాయా, గోరు తగిలితే రంగు లేస్తోందా అన్నవి గమనించండి. ఆ మూడూ సరిగా ఉంటే చెప్పిన ధరకు బేరమాడకుండా కొనండి. ఇంట్లో పిల్లలకు రంగుల సరదా ఉంటే రంగు వేయని బొమ్మ ఒకటి ఇమ్మని అడగండి. వాళ్లకు ముందు సుద్ద పూయడం నేర్పండి, రంగు తర్వాత.